సీసపు పనియు గర్భస్థ శిశువును



సీసమను లోహమును గూర్చియు, దానితో పనిచేయు తల్లుల కడుపున పుట్టు బిడ్డలను గూర్చియు ఈ పూట మీకు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. విషయము కొంచెము కటువైనది. అయినను ఊరి మంచి చెడ్డలు విచారించు పెద్దలు తెలిసికొనవలసినది గనుక ఓపికతో వినవలెనని ప్రార్థన.

మన వైద్యశాస్త్రములు గర్భిణికి దౌహృదిని యను పేరు పెట్టినవి. రెండు హృదయములు గలది యని దాని యర్థము. ఒకటి ఆమెది, రెండవది కడుపులోని బిడ్డది. ఈ మాటను మనము సాధారణముగా చూలాలి కోరికలకే అన్వయించుకొని, ఆమె యడిగిన పులుపో తీపియో పెట్టి తృప్తిపడుదుము. ఆమె పనికి పోయిన చోటికి ఆ రెండవ హృదయమును వెంటపోవుచున్నదను సంగతి మనకు తట్టదు. ఆమె పీల్చిన గాలియే దానికి గాలి. ఆమె మ్రింగిన ధూళిలో దానికిని పాలున్నది. తల్లి కూలికి ఒప్పుకొన్నది, బిడ్డ ఒప్పుకొనలేదు. అయినను పని యిద్దఱును చేయుచున్నారు.

ఇది పట్టణవాసులు వినవలసిన ప్రసంగము గాని పల్లెలోని మాకేల యని మీలో కొందఱు అనుకొనవచ్చును. సీసమునకు పెద్ద కర్మాగారము అక్కఱలేదు. అది 327 డిగ్రీల వేడికే కరగును. కట్టెలపొయ్యియే దానికి చాలును. ఈ సౌలభ్యమే అపాయమునకు మూలము. ప్రపంచమున వాడబడు సీసములో నూటికి 80 పాళ్ళకు మించి బ్యాటరీలకే పోవుచున్నది. మన ట్రాక్టర్లలోను, లారీలలోను, ఇంటి ఇన్వర్టర్లలోను ఉన్నవి ఆ బ్యాటరీలే. అవి పాతబడినప్పుడు వానిని సమ్మెటతో పగులగొట్టి, లోపలి పలకలను మూకుడులో కరగించి, దిమ్మలుగా పోసి అమ్ముకొను పని ఊరిచివర ఒక పాకక్రిందనైనను జరుగవచ్చును. సముద్రతీరమున వలలకు గుండ్లు పోయుటకు సీసమును కరగించువారు గలరు. ఇనుమునకు త్రుప్పు పట్టకుండ పూయు ఎఱ్ఱరంగులో సీసముండుట గలదు. అచ్చుకూటములలో అక్షరములను చేతితో కూర్చిన కాలమున ఆ అక్షరములు సీసమునే ముఖ్యముగా కలిపి పోసినవి. కాబట్టి ఈ లోహము మనకు దూరపు చుట్టము కాదు.

మన రసశాస్త్రమున సీసమునకు నాగమని పేరు. నాగమనగా పాము గదా. ఆ పేరెందులకు వచ్చినను, గుణమునుబట్టి చూచినచో తగియే యున్నది. పాము కఱచిన వెంటనే తెలియును. ఇది కఱచినట్లు ఏండ్లు గడచినను తెలియదు. అదియొక్కటే భేదము.

సీసపు పనివారికి కడుపునొప్పియు, మలబద్ధకమును, రక్తహీనతయు, చేతులు మణికట్టు వద్ద వ్రేలాడిపోవుటయు కలుగునని పాశ్చాత్య వైద్యులు చిరకాలము క్రిందటనే కనిపెట్టిరి. ఇటలీ దేశీయుడగు బెర్నార్డీనో రామజ్జీని యను వైద్యుడు 1700 సంవత్సరమున వృత్తులవలన కలుగు వ్యాధులను గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. కుండలకు సీసపు పూత పూయు కుమ్మరుల చేతులు వణకి పడిపోవుటను అందు వర్ణించెను. ఆయన వైద్యలోకమునకు చేసిన మహోపకారము ఒక్క ప్రశ్న. రోగి యొద్దకు పోయిన వైద్యుడు నాడి చూచుటతో తృప్తిపడక, నీవు చేయు వృత్తి యేమి యని కూడ అడుగవలెనని ఆయన బోధించెను. మూడు వందల యేండ్లు దాటినను ఈ ప్రశ్నను అడుగువారు నేటికిని అరుదు. గర్భిణిని అడుగువారు మఱియు అరుదు.

స్త్రీల సంగతి కొంత ఆలస్యముగా వెలుగులోనికి వచ్చినది. పారిసు నగరమున కాన్‌స్టాంటిన్ పాల్ అను వైద్యుడు అచ్చు అక్షరములను మెఱుగుపెట్టు స్త్రీలను పరీక్షించి, వారికి గర్భస్రావములును, మృతశిశువులును మితిమీరి కలుగుచున్నవని 1860లో ప్రకటించెను. తల్లి ఆ పని చేయకున్నను తండ్రి చేసినచో ఆ కుటుంబములకును హాని కలుగుచున్నదని ఆయన గమనించెను.

తరువాత ఇంగ్లండున స్టాఫర్డుషైరు ప్రాంతమున పింగాణీ పాత్రల పని విరివిగా సాగుచుండెను. పాత్రలకు నునుపు వచ్చుటకై సీసము కలిపిన ద్రవమున ముంచుట, ఎండిన పిదప అంచులను గోకి శుభ్రపఱచుట మున్నగు పనులలో స్త్రీలు అనేకులుండిరి. గోకునప్పుడు లేచు దుమ్మే వారికి శత్రువు. సీసవిషము సోకినట్లు తెలియవచ్చిన 77 మంది వివాహిత స్త్రీలను ప్రభుత్వపు స్త్రీ తనిఖీదారులు విచారించిరి. ఆ లెక్క 1897 సంవత్సరపు నివేదికలో చేరినది. వారిలో 8 మందికి 21 మృతశిశువులు పుట్టిరి. 35 మందికి 90 గర్భస్రావములు కలిగినవి. ప్రాణముతో పుట్టిన బిడ్డలు 101. విచారణ జరిగిన నాటికి వారిలో బ్రతికియున్నవారు 61. చనిపోయినవారిలో పెక్కుమంది మూర్ఛలతో చనిపోయిరి.

పెద్దలారా, ఈ అంకెలను చదువునప్పుడు నాకు మన పల్లెలలోని ఒక మాట జ్ఞాపకము వచ్చును. కడుపు నిలువని కోడలిని మనవారేమందురో మీరెఱుగుదురు. నష్టజాతకురాలందురు, గ్రహదోషమందురు, మఱియొక సంబంధము చూతమా యని గుసగుసలాడుదురు. ఆ 35 మందిని కూడ వారి యూరివారు ఎన్ని మాటలనిరో! దోషము జాతకమున లేదు. ముంచెడి తొట్టిలో నున్నది. ఆ సంగతి తెలియుటకు ఇల్లిల్లు తిరిగి లెక్క వ్రాయువారు కావలసి వచ్చిరి.

ఇక సీసము బిడ్డను చేరు మార్గమును చెప్పెదను. సీసము శరీరమును రెండు దారుల ప్రవేశించును. కరగించునప్పుడు లేచు పొగయు, సన్నని ధూళియు ఊపిరితిత్తుల ద్వారా పోవుట ఒకటి. చేతికంటినది అన్నముతో కూడ కడుపులోనికి పోవుట రెండవది. లోపలికి పోయిన సీసమును మన శరీరము సున్నమని భ్రమపడును. ఎముకలకు బలమిచ్చు ధాతువు సున్నపు జాతిది గదా. దానిని ఇంగ్లీషువారు కాల్షియమందురు. సీసము దానివలెనే ప్రవర్తించుటచే శరీరము దానిని తెచ్చి ఎముకలలో దాచును. పెద్దవారి శరీరములోని సీసమున నూటికి 90 పాళ్ళకు మించి ఎముకలలోనే యుండును. అచ్చట అది పదులకొలది సంవత్సరములు నిలుచును.

ఇప్పుడు గర్భము వచ్చినదనుకొనుడు. బిడ్డ ఎముకలు పెరుగుటకు సున్నపు ధాతువు కావలెను. తల్లి తిను అన్నమున అది చాలనిచో ఆమె ఎముకలనుండి తీసి శరీరము బిడ్డకిచ్చును. మాతృత్వమునకు ఇంతకంటె మించిన నిదర్శనము వేఱొకటి యున్నదా? కాని ఆ ఎముకలలో సీసము దాగియున్నచో అదియు దానితోపాటు రక్తమున కలిసి బయలుదేరును. పదేండ్ల క్రిందట కన్నెగా నున్నప్పుడు చేసిన పని యొక్క ఫలము, ఆ పని మానిన తరువాత పుట్టు బిడ్డకు అందుట ఇట్లు సంభవించుచున్నది.

మావి మధ్యనున్నది గదా, అది వడపోయదా యని అడుగవచ్చును. మావి అనేకములైన అపాయములను అడ్డగించును గాని సీసమును అడ్డగింపదు. బిడ్డ పుట్టినప్పుడు బొడ్డుత్రాటిలోని రక్తమును పరీక్షించినచో అందలి సీసము తల్లి రక్తములోని దానికి ఇంచుమించు సమముగా, కొంచెము మాత్రమే తక్కువగా నుండును. తల్లిది ఏండ్ల తరబడి గట్టిపడిన దేహము. బిడ్డది అప్పుడే అల్లుకొనుచున్న మెదడు. ఒకే మోతాదు ఇద్దఱికిని ఒకటి కాదు.

పాదరసము విషయమునను ఇట్లే జరిగినది. జపాను దేశమున మినమాట యను తీరమున ఒక రసాయన కర్మాగారము సముద్రములోనికి విడిచిన పాదరసము చేపలలో చేరెను. అచటి వ్యాధి 1956లో బయటపడెను. ఆ చేపలను తినిన తల్లులలో కొందఱికి వ్యాధి అంతగా కానరాకున్నను, వారికి పుట్టిన బిడ్డలు అవయవములు వశము గాక జీవచ్ఛవములవలె పెరిగిరి. బొడ్డుత్రాటిని ఎండబెట్టి దాచుకొనుట ఆ దేశపు ఆచారము. ఏండ్లు గడచిన పిదప శాస్త్రజ్ఞులు ఆ త్రాళ్ళను పరీక్షించి, వానిలో పాదరసమును కనుగొనిరి. తల్లి దేహము బిడ్డకు కోట యను మన నమ్మకము లోహముల యెడల చెల్లదని దీనివలన తెలియుచున్నది.

సీసము తగిలిన శిశువునకు కలుగు హాని యేమి? మోతాదు మిక్కిలి హెచ్చైనచో గర్భము నిలువదు. కొంచెము తగ్గినచో నెలలు నిండకుండ ప్రసవము కావచ్చును; బిడ్డ బరువు తక్కువగా పుట్టవచ్చును. ఆస్ట్రేలియాలో పోర్ట్ పిరీ యను ఊరున సీసమును కరగించు పెద్ద కొలిమి యున్నది. అచటి గర్భిణులను 1979 మొదలుకొని పరీక్షించిన వైద్యులు, రక్తమునందు సీసము హెచ్చుగా నున్న తల్లులకు నెలలు నిండని కాన్పులు ఎక్కువగా నైనవని 1986లో ప్రకటించిరి.

మోతాదు ఇంకను తక్కువైనచో బిడ్డ బొద్దుగానే పుట్టును, కేరుమని ఏడ్చును, ఇంటిల్లపాది సంతోషింతురు. హాని మెదడున దాగియుండును. అమెరికాలో బోస్టను నగరమున 249 మంది శిశువుల బొడ్డురక్తమును కొలిచి, వారిని రెండేండ్లవఱకు పరీక్షించిరి. సీసము హెచ్చుగా నున్నవారు గ్రహణశక్తిలో తక్కినవారికంటె వెనుకబడియుండిరని 1987లో తెలిపిరి. ఆ కుటుంబములలో పెక్కు స్థితిపరులవే. కాబట్టి పేదఱికమే దీనికి కారణమనుటకు వీలులేదు. ఆ శాస్త్రజ్ఞులే 1991లో మఱియొక మాట చెప్పిరి. బిడ్డలకు ఐదేండ్లు వచ్చుసరికి ఆ వెలితి చాలవఱకు తగ్గెను. మంచి పోషణ, ఆదరణ గల యిండ్లలో పెరిగినవారే ఎక్కువగా కోలుకొనిరి. ఇది మనకు ఆశ కలిగించు మాట. పుట్టిన బిడ్డను గూర్చి నిరాశపడరాదు. కాని కూలి చేసికొను తల్లి బిడ్డకు ఆ పోషణయు, ఆ తీరికయు ఎచ్చటనుండి వచ్చును?

బడిలో పాఠము పట్టుపడని పిల్లవానిని చూచి మనము తలవ్రాత యందుము. కొందఱి విషయమున ఆ వ్రాత వ్రాసినది బ్రహ్మ కాదు, కొలిమిపొగ. దానిని మనము తుడువలేకపోవచ్చును; వ్రాయకుండ చేయవచ్చును.

ఎంత సీసము హాని చేయును? బడిపంతులకు లెక్క చెప్పనిదే తృప్తి యుండదు గదా. ఒక గ్రామును పది లక్షల పాళ్ళు చేసినచో ఒక పాలునకు మైక్రోగ్రామని పేరు. గర్భిణి యొక్క 100 మిల్లీలీటర్ల రక్తమున 5 మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని సీసమున్నచో, అది వచ్చు మూలమును వెదకి తొలగింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నిర్దేశించినది. పెద్దవారి దేహమున సుమారు 5 లీటర్ల రక్తముండును. అనగా వంద మిల్లీలీటర్ల పాళ్ళు 50. 50ని 5 చేత గుణించిన 250 మైక్రోగ్రాములు. ఈ లెక్కన ఒక గ్రాము సీసము రక్తములలో చేరినచో 4,000 మందిని ఆ మట్టమునకు తెచ్చును. ఒక్క లారీ బ్యాటరీలో సీసము కిలోగ్రాములకొలది యుండును. ఈ 5 అను అంకెయు క్షేమమునకు హద్దు కాదు. వెంటనే మేలుకొనవలసిన చోటు మాత్రమే. హాని చేయని మోతాదు ఇంతయని ఏ శాస్త్రమును చెప్పజాలకున్నది.

ఆఫ్రికా ఖండమున సెనెగల్ దేశపు రాజధాని డకార్ శివారున థియారోయ్ సూర్ మేర్ అను పేట గలదు. అచటి పేదలు పాత బ్యాటరీల సీసమును ఏరి అమ్ముకొని జీవించుచుండిరి. మట్టిని జల్లెడపట్టి సీసపు తునకలను వేఱుచేయుచుండిరి. 2007 నవంబరు మొదలు 2008 మార్చివఱకు, ఆ నాలుగైదు మాసములలో, అచట 18 మంది చిన్నపిల్లలు మరణించిరి. తోబుట్టువుల రక్తమును, తల్లుల రక్తమును పరీక్షింపగా సీసము అత్యధికముగా కనబడెను. ఆ ప్రజలు మనవంటివారే. నాలుగు డబ్బులు వచ్చు పనియని చేపట్టిరి. దానిలోని విషమును వారికెవ్వరును చెప్పలేదు.

అట్లైన స్త్రీలను సీసపు పనినుండి తొలగించిన చాలదా యని తోచును. పూర్వులును అట్లే తలచిరి. ఇంగ్లండున తెల్లసీసము చేయు కర్మాగారములలోని ప్రమాదకరములగు పనులనుండి 1898లో స్త్రీలను తొలగించిరి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో చేసిన ఒడంబడిక తెల్లసీసపు రంగులు పూయు పరిశ్రమపనిని స్త్రీలకును, 18 ఏండ్లు నిండని బాలురకును నిషేధించెను. ఇందు దయ గలదు. కాని దయయొక్కటే చాలలేదు. తొలగింపబడిన స్త్రీకి అన్నమెవరు పెట్టుదురు?

ఈ ప్రశ్న అమెరికాలో ఎంత దారుణమైన రూపమును దాల్చెనో వినుడు. 1978లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రమున ఒక రంగుల కర్మాగారము, బిడ్డలను కనగల స్త్రీలు సీసపు విభాగమున పనిచేయరాదని నియమము పెట్టెను. మంచి జీతము గల ఆ పనిని పోగొట్టుకొనలేక ఐదుగురు స్త్రీలు గర్భము రాకుండ శస్త్రచికిత్స చేయించుకొనిరి. కొలది కాలమునకే ఆ విభాగము మూతపడెను. వారి త్యాగము వ్యర్థమైనది. 1982లో బ్యాటరీలు చేయు మఱియొక సంస్థయు అట్టి నియమమునే పెట్టగా, వ్యాజ్యము అత్యున్నత న్యాయస్థానమువఱకు పోయెను. ఆ వాదులలో ఒక పురుషుడును గలడు. అతడు తండ్రి కాదలచి, తన రక్తములోని సీసమును తగ్గించుకొనుటకై సెలవడుగగా సంస్థవారు ఇయ్యలేదు. పుట్టబోవు బిడ్డల నెపమున స్త్రీలనందఱను పనినుండి వెలివేయుట న్యాయము కాదని 1991లో తీర్పు వచ్చెను.

సీసము మగవానిని విడిచిపెట్టదు. అతని వీర్యమును చెఱచును. అతని బట్టలకును, వెండ్రుకలకును, చెప్పులకును అంటి ఇంటికి వచ్చును. ఆ బట్టలు ఉతుకునది ఇంటిలోని చూలాలు. కాబట్టి స్త్రీని తొలగించి పొగను అట్లే యుంచుట, పాము దూరిన యింటినుండి కోడలిని మాత్రము వెలుపలికి పంపుట వంటిది. పింగాణీ పనిలో వ్యాధిని తగ్గించినది స్త్రీల తొలగింపు కాదు, పూతను మార్చుట. సీసములేని పూతలును, తేలికగా కరగని సీసపు పూతలును వ్యాపించినకొలది వ్యాధి తగ్గెను. 1947లో పచ్చిసీసపు పూతనే అచట నిషేధించిరి.

మన దేశమునను కొంత మేలు జరిగినది. 1948 సంవత్సరపు కర్మాగారముల చట్టము, అధికారులకు తెలుపవలసిన వృత్తివ్యాధుల పట్టికలో సీసవిషమునకే మొదటి స్థానమిచ్చెను. ఆ చట్టమునకు బదులుగా 2020లో చేయబడిన కార్మిక స్మృతి 2025 నవంబరులో అమలునకు వచ్చినది. పెట్రోలులో సీసము కలుపుట 2000 సంవత్సరమున ఆగిపోయినది. ఇండ్లకు వేయు రంగులలో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకంటె సీసము మించరాదని 2017 నవంబరు నుండి నియమము గలదు. పాత బ్యాటరీలను నమోదైన సంస్థలకే చేర్చవలెనని 2001లోను, తిరిగి 2022లోను నిబంధనలు చేసిరి. ప్రసూతికి జీతముతో కూడిన సెలవు 2017లో 26 వారములైనది. కాని నమోదు లేని పాకలోని కొలిమికి తనిఖీదారు రాడు. అందలి కూలిదానికి సెలవు చీటి లేదు. చట్టము చేరని ఆ చోటికి చేరగలవారు ఊరిపెద్దలే.

ఇంటిలోనికి వచ్చు సీసమును గూర్చియు ఒక్క మాట చెప్పవలసియున్నది. బంగ్లాదేశమున పల్లెటూరి గర్భిణుల రక్తమున సీసమెందులకున్నదని వెదకిన పరిశోధకులు, పసుపుకొమ్ములకు మెఱుపు రావలెనని కొందఱు వర్తకులు పూయు సీసపు పచ్చరంగే ముఖ్యకారణమని 2019లో కనుగొనిరి. ప్రభుత్వము గట్టిగా పూనుకొనగా రెండేండ్లలో ఆ మోసము అణగిపోయెను. పసుపు పండించుకొను మనము ఇది గుర్తుంచుకొనవలెను. కొమ్ములను మెఱుగుపెట్టుచోట రంగు కలిపినచో మొదట విషము తగులునది ఆ కూలివారికే. మఱియు న్యూయార్కు నగరమున 2011, 2012 సంవత్సరములలో ఆరుగురు గర్భిణులకు సీసవిషము సోకగా, వారు వాడిన మన దేశపు మాత్రలలో సీసమున్నట్లు తెలిసినది. ఆయుర్వేదమునందు నాకు గౌరవము గలదు. గౌరవము గలదు గనుకనే చెప్పుచున్నాను: ఎవరు చేసిరో, ఏమి కలిపిరో తెలియని భస్మములను, మాత్రలను గర్భిణికి ఇయ్యరాదు. చారు కాచు సత్తుగిన్నె కొనునప్పుడును అది మేలైన తగరమో, సీసము కలిసినదో విచారించి కొనవలెను. చింతపండు పులుపు సీసమును ఊరకుండనీయదు.

ఇక చేయదగిన పనులను చెప్పి ముగించెదను.

మొదటిది: ఊరి పొలిమేరలో బ్యాటరీలు కరగించు కొలిమికి తావీయకుడు. నేల కౌలు ఎంత వచ్చినను ఒప్పుకొనకుడు. సీసము కుళ్ళదు, ఆరిపోదు; కొలిమి లేచిపోయిన పిదపను ఆ మట్టిలోనే యుండును. ఆ మట్టిలో మీ మనుమలు ఆడుకొందురు.

రెండవది: సీసపు పనికి పోవు అమ్మాయి నెల తప్పినదని తెలిసిన దినముననే ఆమెను వేఱు పనికి మార్పింపుడు. కూలి తగ్గింపకుండ మార్పించుట మీ బాధ్యత. కూలి తగ్గునన్న భయమున్నచో ఆమె గర్భమును దాచును. మొదటి మాసములే మిక్కిలి విలువైనవి. గర్భము రాకముందే జాగ్రత్తపడుట అన్నిటికంటె మేలు. ఎముకలలోని నిలువను గూర్చి ఇంతకుముందే చెప్పితిని.

మూడవది: పనినుండి వచ్చిన మగవారు కాళ్ళు చేతులు కడుగుకొని, స్నానము చేసి, బట్ట మార్చుకొనిన గాని బిడ్డను ఎత్తుకొనరాదు. ఇది మనకు క్రొత్త నియమము కాదు. మన ఇండ్లలో మడి యనియు, శుచి యనియు పూర్వులు పెట్టినదే. వీలైనంతవఱకు స్నానమును, బట్ట మార్పును పనిచోటనే కానిండు. ఆ బట్టలను ఇంటిబట్టలతో కలిపి ఉతుకరాదు, చూలాలిచేత ఉతికింపరాదు. పనిచోట అన్నము తినరాదు. చుట్ట, బీడీ త్రాగరాదు.

నాల్గవది ఆహారము. ఖాళీకడుపున సీసము ఎక్కువగా వంటబట్టును గనుక పస్తుతో పనికి పోరాదు. సున్నపు ధాతువును, ఇనుమును తక్కువైన దేహము సీసమును ఎక్కువగా పీల్చుకొనును. కావున గర్భిణికి పాలు, పెరుగు, రాగిసంకటి, నువ్వులు, మునగాకు, ఆకుకూరలు సమృద్ధిగా పెట్టవలెను. ఆశా కార్యకర్త తెచ్చి యిచ్చు ఇనుపమాత్రలను, కాల్షియము మాత్రలను గూటిలో దాచక మ్రింగింపవలెను.

ఐదవది: అనుమానమున్నచో రక్తమును పరీక్ష చేయింపుడు. సామాన్యపు రక్తపరీక్షలో సీసము కనబడదు. సీసమునకై వేఱుగ పరీక్షింపుడని వైద్యునితో చెప్పవలెను. ఆమె వృత్తియేమో, భర్త వృత్తియేమో వైద్యుడు అడుగకున్నను మీరే చెప్పుడు. సీసమును దేహమునుండి దింపు మందులు గలవు గాని గర్భిణికి వానిని నిపుణులే విచారించి యీయవలెను. బాలింతకు చనుబాలు మాత్రము మాన్పింపకుడు; రక్తమున సీసము మిక్కిలి హెచ్చైన అరుదైన సందర్భమున తప్ప, తల్లిపాల మేలే అధికము.

కట్టకడపటి మాట. మీ యూరిలో ఒక ఇంటికోడలికి రెండుమాఱులు కడుపు పోయినదనియో, పుట్టిన బిడ్డ నిలువలేదనియో మీ చెవిని పడినప్పుడు, జాతకము చూపించుటకు ముందు ఆమెను గాని, ఆమె భర్తను గాని, అమ్మా, మీరు చేయు పని యేమి యని అడుగుడు. ఆ ప్రశ్న మృదువుగా అడుగుడు. ఆమెపైనున్న నింద ఆ ఒక్క ప్రశ్నతో తొలగిపోవచ్చును. మూడవ బిడ్డ బ్రతుకవచ్చును.